లాలాజలం

న్యూకాసిల్‌లో చలికాలం మూడున్నరకే దీపాలు పెడతారు.
మా ల్యాబ్ మూడో అంతస్తు. కిటికీకవతల టైన్ నది,
వంతెన ఇనుప దూలాల సందుల్లో పక్షుల రొద.
నా పని ఉమ్ము దాచడం.

నవ్వకండి, జీతమిచ్చే ఉద్యోగమే.
పది నిమిషాలు చేతులు పట్టుకు కూర్చున్నవాళ్ళు
చిన్న గొట్టంలో ఊసి ఇస్తారు.
నేను అంకె రాసి మైనస్ ఎనభైలో పడుకోబెడతాను.
అరచెయ్యి అరచేతిని కలిస్తే
మెదడు అడుగున శనగగింజంత గ్రంథిలోంచి
ఆక్సిటోసిన్ ఎంత జారిందో, కార్టిసాల్ ఎంత దిగిందో
లెక్క తేల్చేది పైవాళ్ళు.

పదిహేడో నంబరు కొత్త జంట. సిగ్గుకి నోరెండి చుక్క రాలలేదు.
ఇరవై రెండు తల్లీకూతుళ్ళు: పోట్లాడుకుంటూ వచ్చారు,
పోట్లాడుకుంటూనే వెళ్ళారు,
కాని ఒకే మఫ్లర్‌లో.

నలభై ఒకటి స్టోకో అనే పెద్దాయన.
వాల్సెండ్ ఓడల యార్డులో ఒకప్పటి వెల్డరు.
చీటీలో ఒంటరి జట్టు వచ్చింది:
తన చేతులు తన మోకాళ్ళ మీద, ఎదురుగా తెల్లగోడ.
గోడకుర్చీ వేసిన బడిపిల్లాడిలా
బుద్ధిగా కూర్చున్నాడు.
"ఇంతేనా అమ్మాయ్? డోరీన్ పోయాక
రోజూ చేస్తున్నది ఇదేగా.
దీనికి టాక్సీ డబ్బులు దేనికి?"

రూలు ప్రకారం నేను మాట్లాడకూడదు. గొట్టం ఇచ్చాను.
వేళ్ళు వణికి మూత రాలేదు.
పట్టుకున్నాను.
మూత ఊడొచ్చాక కూడా ఎవరమూ వదల్లేదు.
నిప్పురవ్వలు కుట్టిన మచ్చలు,
కందిబద్దలంతేసి, మణికట్టు దాకా.
"మంచుముక్కల్లా ఉన్నాయే నీ చేతులు" అన్నాడు.
అంకె రాయడానికి గ్లవ్స్ తీశానని
అప్పుడు గుర్తొచ్చింది.
ఈ ఊరొచ్చి మూడేళ్ళు.
తలుపు పిడులు, కార్డు మెషీన్లు, లిఫ్టు బొత్తాలు.
ఏ జట్టులోనూ నా పేరు లేదు.

ఫారంలో ఉన్న ఇంగ్లీషు మాటకి ఈ చప్పుడు లేదు.
మన లాలాజలంలో లాల ఉంది,
కాళ్ళు చాపి, పసిగుడ్డుని బోర్లా వేసుకుని
వేణ్ణీళ్ళతో పాటు అరచేతుల్నీ పోసే లాల.
వ్యాకరణం ఒప్పుకోదు.
నా చెయ్యి ఒప్పుకుంది.

నలభై ఒకటి: చెడిన నమూనా, అని రాశాను.
కారణం గడిలో: స్పర్శ.
పారేయాలి. పసుపు డబ్బా కాలి దగ్గరే ఉంది.
అడుగు అరలో, మంచు గడ్డకట్టిన మూలకి
వెనక్కి నెట్టాను.

కింద ఆయన టాక్సీ కోసం నుంచున్నాడు.
ఎడం చేత్తోనే టోపీ సర్దుకున్నాడు.
కుడిచెయ్యి
జేబులో పెట్టుకోలేదు, అంత చలిలోనూ.