బండి నేలనడిగింది

ప్లగ్ పెట్టాను.
టక్కుమని గొళ్ళెం పడింది.
పచ్చ దీపం ఒకసారి, రెండుసార్లు,
ఆ తర్వాత ఎరుపు.

సెన్యా దీవిలో నవంబరు.
మధ్యాహ్నం రెండింటికి పడిన చీకటి
రాత్రి పదింటికి పాతబడిపోయింది.
బ్యాటరీలో పదకొండు శాతం.
పొద్దున ఆరింటికి
కొండ అవతల ఓలౌగ్ కాలిపుండుకు కట్టు మార్చాలి,
ఆ పైన హాల్వార్‌కు ఇన్సులిన్,
ముప్పై ఎనిమిది కిలోమీటర్లు, రెండు సొరంగాలు.
చలికి పదకొండు ఏడవుతుంది.
హీటర్ వేస్తే ఎంతవుతుందో
భయమేసి లెక్క కట్టలేదు.

తీసి మళ్ళీ పెట్టాను.
తీసి, ఊది, పెట్టాను.
లోపల మంచు పలుకులున్నాయేమోనని
హెయిర్ డ్రయ్యర్ తెచ్చి
కారు మూతికి వెచ్చగాలి పట్టాను,
జలుబు చేసిన పిల్లకి ఆవిరి పట్టినట్టు.
మెయిన్ స్విచ్ కట్టేసి, అరవై లెక్కపెట్టి వేశాను.
ఫోన్‌లో యాప్ తీసేసి మళ్ళీ ఎక్కించాను.
అది నా పేరడిగింది,
పాస్‌వర్డ్ అడిగింది,
మా సేవ ఎలా ఉందని నక్షత్రాలడిగింది.
ఎరుపు ఎరుపుగానే ఉంది.

కంపెనీ రాత్రి లైనులో ఒక నిద్రగొంతు:
"ఇంకో కేబుల్‌తో చూశారా?"
ఇంకో కేబుల్ ఎవరింట్లో ఉంటుంది నాయనా,
ఇదేమన్నా చెప్పుల జతా?
"అయితే కారుదే లోపం."
గోడ మీది పెట్టెదే లోపమని
కారు వాళ్ళు సాయంత్రమే తేల్చేశారు.
మధ్యలో నేను,
ఎవరూ సంతకం పెట్టని పార్సిల్‌లా.

చివరికి ఐలిఫ్‌ను లేపాను.
చేపల ఫ్యాక్టరీలో ఐసు మిషన్లు చూస్తాడు.
పైజమా మీద వానకోటు,
పై పెదవి కింద పొగాకు పొట్లం,
చేతిలో మీటరు.
కారు వంక చూడనైనా లేదు.
"మంగళవారం దాకా బాగానే ఎక్కిందన్నావు.
మంగళవారం ఏం మారింది?"
ఏమీ మారలేదన్నాను.
పైపు పగిలితే ప్లంబర్ వచ్చి వెళ్ళాడు, అంతే.
"అంతేనా," అని
నేలమాళిగ మెట్లు దిగాడు.

టార్చి వెలుగులో
మీటరు బోర్డు నుంచి దిగిన పచ్చ-పసుపు తీగ
గోడ వెంబడి బుద్ధిగా నడిచి
ఒక రాగి గొట్టాన్ని గట్టిగా పట్టుకుని ఉంది.
గొట్టం మూరెడే.
అటు ప్లాస్టిక్, ఇటు ప్లాస్టిక్,
కొత్తది, నీలం రంగుది, మెరుస్తూ.
తెగిన ఆ మూరెడు రాగిని
భూమి అనుకుని పట్టుకుని ఉంది మా ఇల్లు.

"ఈ బండి అనుమానం మనిషి," అన్నాడు ఐలిఫ్,
"కరెంటు తాగేముందు
కాలితో తడుముతుంది, కింద నేలుందా అని.
లేదంటే నోరు తెరవదు."

వాషింగ్ మెషీన్ అడగలేదు.
పొయ్యి అడగలేదు.
తడి చేతులతో రోజూ నేను ముట్టుకునే కెటిల్
ఒక్కమాటైనా అడగలేదు.
ఆరు రోజులుగా ఇల్లంతా
నేల విడిచి సాము చేస్తుంటే
ఈ మొండిదొక్కటే ఆగి అడిగింది.
దాన్ని నేను ఎన్ని తిట్లు తిట్టానో.

"ఈ ఒక్క రాత్రికీ దాన్ని ఏమార్చలేమా?"
ఐలిఫ్ పొట్లాన్ని నాలుకతో సర్దుకున్నాడు.
"ఏమార్చొచ్చు," అన్నాడు.
తర్వాత మీటరు ముళ్ళు చుట్టేసి జేబులో పెట్టుకున్నాడు.

ఇల్లు రాయి మీద ఉంది.
భూమిలోకి కడ్డీ దిగాలంటే
పగలు కావాలి, డ్రిల్లు కావాలి, లైసెన్సున్న మనిషి కావాలి.
అందుకని బండిని మెల్లగా,
హీటర్ లేకుండా, వేళ్ళు కొంకర్లు పోతుండగా
నాలుగిళ్ళ అవతల అతని గోడకు తీసుకెళ్ళాం.
ప్లగ్ పెట్టాను.
పచ్చ, పచ్చ,
ఆగకుండా పచ్చ.
ఇద్దరం కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాం,
పాలు తాగే దూడను చూసినట్టు.

నడిచి ఇంటికొచ్చాను.
టీ పెట్టుకుందామని కెటిల్ దాకా వెళ్ళిన చెయ్యి
గాల్లో ఆగిపోయింది.
కుళాయి తిప్పి ఒక గ్లాసు పట్టాను.
రాగి వాసన లేని కొత్త నీళ్ళు,
పళ్ళు జివ్వుమనేంత చల్లగా.
తాగి పడుకున్నాను.