అటు కొస

రావులపాలెం అరటి మార్కెట్టు వెనక
మూడు కుర్చీల షాపు నాది.
ఒక కుర్చీకి చెయ్యి లేదు.
అద్దం మాత్రం నిలువెత్తుది, మా నాన్న కొన్నది.

ఆ శ్రావణంలో గోదారి
మూడో హెచ్చరిక దాటింది.
లారీల్లో చక్కెరకేళి గెలలు ఎక్కినవి ఎక్కినట్టే పండిపోతున్నాయి.
పొద్దున్నే ఒకతను గుమ్మంలో నిలబడ్డాడు,
తడి జుట్టు నడుం దాకా.
నా చెయ్యి అలవాటుగా కత్తెర మీదికి పోయింది.
"అది వద్దు భాయ్. అద్దం చాలు."
చిన్న చెక్క దువ్వెనొకటి తీసి
తనే దువ్వుకున్నాడు, తనే ముడేసుకున్నాడు.

ముప్పై ఏళ్లుగా జనం నా దగ్గరికి
ఏదో ఒకటి తీయించుకోడానికే వచ్చారు.
వాడపల్లి మొక్కులకి ఎన్ని గుండ్లు గీశానో!
తల ఇచ్చి మొక్కు తీర్చేవాళ్లం మేం.
ఇచ్చింది ఇచ్చినట్టు దాచుకోడమే
ఇతని మొక్కు.
"మరి నా బేరం?" అన్నాను.
"చెమటోడ్చి తినేదానికి దోషమేముంది"
అన్నాడు గుర్మేజ్ సింగ్,
విజయవాడ రోడ్ల మీద నేర్చిన తెలుగులో.

తర్వాత నీలం గుడ్డ విప్పి
"అటు కొస పట్టుకో" అన్నాడు.
పట్టుకుని వెనక్కి నడిచాను,
గుమ్మం దాటి, కాలవ దాటి, టీ బడ్డీ దాకా.
మడత మడతకీ గుడ్డ బిగిసేది.
వదిలితే చెడుతుంది,
లాగితే చెడుతుంది.

లంకల జనం ఏటిగట్టెక్కారు,
మేకలతో, గ్యాసు బండలతో, మంచాన పడ్డ ముసలమ్మతో.
గుర్మేజూ మరో ముగ్గురు డ్రైవర్లూ
గట్టు మీద ఇటుకల పొయ్యి పెట్టారు.
పప్పు, రొట్టె. రొట్టె మాకు చేతకాదంటే, అన్నం.
తలమీద తువ్వాలు కప్పుకుని
అందరూ నేలమీద, ఒకే బంతి.
ప్రెసిడెంటుగారు కుర్చీ తెప్పించుకున్నారు.
గుర్మేజ్ ఏమీ అనలేదు.
పళ్లెం ఆయన ముందు, నేలమీదే పెట్టాడు.
ఆయన వంగారు, అందలేదు.
కాసేపు గోదారి వైపు చూసి దిగారు.

మా ఊళ్లో పెళ్లికి సన్నాయి మాదే,
ఆకు మాత్రం ఆఖర్న.
ఆ రోజు నా మోచేయి
రైసుమిల్లు చిట్టిరాజుగారి మోచేతికి తగిలింది.
ఇద్దరం పప్పు జుర్రుకున్నాం.

రాత్రి లారీ క్యాబిన్లో పటం చూసి
"మీ దేవుడా?" అన్నాను.
"గురువుగారు. దేవుడికి పటం కుదరదు, ఆయనకి ఆకారమే లేదు."
పదిమంది గురువుల తర్వాత ఇక పుస్తకమే గురువట.
అందులో చెప్పులు కుట్టినవాడి పాట ఉందట,
మగ్గం నేసినవాడిది ఉందట, మంగలిది ఉందట.
"తల ఎవరిస్తారని పదో గురువు అడిగితే
లేచిన ఐదుగురిలో ఒకడు
బీదరు మంగలి, తెలుసా?"
బీదరంటే జహీరాబాదు అవతలేగా!
నా చేతులు నేనే చూసుకున్నాను.

"మీ ఊళ్లో నిజంగా అందరిదీ ఒకటే బంతా?"
చేతి కడియం ఒకసారి తిప్పాడు. రెండోసారీ తిప్పాడు.
"గురుద్వారాలో అంతే. బావి దగ్గర ఇంకా కాదు."
అబద్ధం చెప్పనందుకే
అతని మిగతా మాటలు నమ్మాను.

తొమ్మిదో రోజు నీళ్లు తీశాయి.
కుళ్లిన గెలలు గట్టు కింద పారబోసి
ఖాళీ లారీతో జొన్నాడ వంతెనెక్కాడు.

మొన్న ప్రెసిడెంటుగారింట పెళ్లి.
సన్నాయి దించి, తువ్వాలు దులుపుకుని
మొదటి బంతిలో కూర్చున్నాను.
ఎవరూ లెమ్మనలేదు.
పక్కాయన మాత్రం కాస్త జరిగాడు.
చోటివ్వడానికో, తగలకుండానో
ఇంకా తేల్చుకోలేదు నేను.
ఆకు నిండా అన్నం ఉంది,
తిన్నాను.