నూటపదిహేడు

సినిమా నేను చూల్లేదు.
హాలు గోడకు ఇవతల, సైకిల్ స్టాండులో కూచొని
మూడు వారాలుగా విన్నది ఇంతే:
సుత్తి దెబ్బలు, ఒక ఆడమనిషి ఏడుపు,
ఇంటర్వెల్‌కు ముందర తుపాకి,
ఆఖర్న చప్పట్లు.

ఆట వదిలినాక టోకెన్లు పట్టుకొని వస్తారు జనం.
టోకెనుతో పాటు తలా ఒక తీర్పు
నా చేతిలో పెట్టి పోతారు.

"మొదటి పది నిమిషాలకే తెలిసిపాయప్పా, చంపింది డాక్టరేనని"
అంటాడు నలభై రెండో నంబరు,
జిన్నింగు మిల్లు ఉరుకుందు, మీసాల్లో ఇంకా పత్తి నూగు.
వాని పెండ్లాం కొంగుతో సీటు తుడుస్తా
"అంత తెలిసినోనివి, సీటు అంచుకు ఎందుకు జరిగితివి?" అంటుంది.
జవాబు బదులు నాలుగు కిక్కులు. బండి లేయదు.

ప్లీడరు గుమాస్తా నరహరిరావుకు మంట.
"ఆదోని కోర్టులో యాడుందయ్యా సుత్తి?
ఫ్యానే తిరిగి చావదు.
ఒక హత్య, ఒక వారం, ఒక తీర్పు!
మా ఆఫీసులో ఫైళ్లకు చెదలు పట్టి
ఆ చెదలకు మనవలు పుట్టినారు."
ఇది ఆయనకు మూడోసారి చూడ్డం.
నేనేమీ అడగను.

కాలేజీ పిల్లోళ్లు నలుగురు, బండి ఒకటే.
లాయరమ్మ కేసు తిప్పేసినప్పుడు
ఒళ్లంతా వెంట్రుకలు నిక్కినాయని ఒకడు,
అది ఏసీరా అని ఇంకొకడు.
మూడోవాడు రెండు పక్కలా తలూపి
పెట్రోలుకు డబ్బులడుగుతాడు.

రిటైరైన హెడ్డు కానిస్టేబులు షాషావలి సాబు
సైకిలు తాళం తీస్తా ఒక్క మాట అన్నాడు.
"నెత్తురు మరీ ఎర్రగా చూపిచ్చినారు.
గంట దాటితే బెల్లంపాకం రంగు."
ఆ పొద్దు ఆయన సైకిలెక్కలేదు,
నడిపిచ్చుకుంటానే పోయినాడు.

కొట్లాడుకునే వీళ్లందరూ
ఒక్క కాడ మాత్రం ఒకటే మాట:
ఆఖర్న టీ బంకు ముసలోడు బోనెక్కి
వణికే వేలు చాపి "ఈయప్పే" అంటాడంట చూడు,
అది మాత్రం అదిరిందంట.
గుమాస్తా కూడా లేచి నిలబడినాడంట.

ఆ చప్పట్లు గోడ దాటి వచ్చే టయానికి
నేను చాక్‌పీసు ముక్కలు ఏరుకుంటా ఉంటాను,
ఏరేదానికి ఏమీ లేకున్నా.

నాకు నంబర్లు మరుపు రావు.
పంతొమ్మిదేండ్ల కింద, శుక్రవారం, సెకండు షో.
ఎర్ర లూనా, నూటపదిహేడు.
టోకెను ఇంకా ఆయప్ప పిడికిట్లోనే ఉంది,
ముగ్గురు వచ్చిరి.
నెత్తిమీద ట్యూబులైటు ఉండె.
పురుగులు తిరుగుతా ఉండె దాని సుట్టూ.
వచ్చినోళ్ల సొక్కా గుండీలు కూడా లెక్కబెట్టొచ్చు.

బోనులో ఏం చెప్తిని?
"కరెంటు లేదు సార్."
సుత్తి ఎవరూ కొట్టలేదు.
టైపు మిషను టింగుమని
కింది లైనుకు దిగింది, అంతే.

ఆ టోకెను నాకు తిరిగి రాలేదు.
నూటపదహారు తర్వాత
నూటపద్దెనిమిది ఇస్తా, ఇప్పటికీ.
ఎవరూ అడగలేదు ఎందుకని.

గేటు కాడ ఉడకబెట్టిన బుడ్డలమ్మే సుంకులమ్మ,
ఆ లూనా ఆయప్ప పెండ్లాం,
ఆమె కూడా సినిమా చూల్లేదు.
నిన్న ఇంటర్వెల్ బేరం అయినాక
బుట్ట ఎత్తను ఒక చెయ్యెయ్యమని పిలిచింది.
"ఆఖర్న ఎవరో ముసలోడు నిజం చెప్తాడంట గదా?"
"ఊ."
"బాగుందంటనా?"
"బాగుందనే అంటున్నారు."
"ఇంకెన్నాళ్లు ఆడుతుంది?"
"శుక్రారం మారుస్తారు."

బుట్ట నెత్తికెత్తినాను.
దోసెడు బుడ్డలు నా బల్లమీద పోసింది,
ఎప్పటి మాదిరే, లెక్క చూసుకోకుండా.
చుట్టబట్ట సర్దుకొని చీకట్లోకి పోయింది.

వలుస్తా కూచున్నాను.
ఇంకా వెచ్చగా ఉన్నాయి.
గోడ అవతల లాయరమ్మ ఏదో అడుగుతా ఉంది.
ముసలోడు ఇంకా బోనెక్కలేదు.