ఒక్క తెప్ప

పాతది పోయేముందు మూడు రోజులు
గోడమీద బల్లిలా టిక్కుటిక్కుమంది.
బల్లి పలికితే సత్యం అంటారు,
నేనే చెవిన పెట్టలేదు.
నాలుగో రోజు వైరు తగిలిస్తే
నీలం లైటు వెలిగింది, అంతే.
లోపల దానయ్య గొంతు లేదు.

పెదజాలరిపేటలో డీటీపీ కొట్టు నాది.
పెళ్లికార్డులు, బోటు దరఖాస్తులు, రబ్బరు స్టాంపులు.
బేరాల్లేని సాయంత్రాలు
ఒలిశెట్టి దానయ్యని స్టూలు మీద కూచోబెట్టి
సముద్రంలో చోట్లు చెప్పించుకునేదాన్ని.
ఈ కొండ వెళ్లి ఆ కొండ భుజం ఎక్కిందాకా పోవాలి,
అక్కడ అడుగున రాయి,
రాయి పక్కన కోనాం.
అలాంటివి నలభై ఒకటి.

మళ్లీ చెప్పమంటే చెప్పాడు, విసుక్కోలేదు.
లెక్కేస్తే ముప్పై ఏడు.
"ఇంకో నాలుగు ఉండాలి తాతా?"
"నాను సెప్పినవి ఇయ్యే. ఇంకేటున్నాయి?"
ఆ నాలుగు చోట్లా
నీళ్లున్నాయి, చేపలున్నాయి.
దారి పోయింది.

ద్వారకానగర్లో ఇరుకు మెట్లు, మొదటి అంతస్తు.
కళ్లజోడు బాగుచేయించుకోవాలని దానయ్యా వెంటొచ్చాడు.
తవిటినాయుడనే కుర్రాడు
అద్దాల బల్లమీద ఆరు పెట్టెలు
చీరలు పరిచినట్టు పరిచాడు.
"ఇది తిరిగే రకం మేడం, చవక. చెయ్యి జారిందా, గోవిందా.
ఇది తిరగదు, గట్టిది, ఖరీదు.
కానీ బీరువాలో పడేసి ఏళ్లకేళ్లు మర్చిపోకూడదు,
అప్పుడప్పుడు కరెంటు చూపించాలి."
"ఏది నమ్మొచ్చు?"
"అన్నిటికీ మూడేళ్లు వారంటీ ఉంది."
"ఈలోపు పోతే?"
"కొత్తదిస్తారు."
"లోపలున్నవో?"
అతను సీలింగు ఫ్యాను వైపు చూశాడు.
కాసేపాగి,
"సముద్రానికి ఎంత దూరం మీ ఇల్లు?" అన్నాడు.
మా కిటికీ చువ్వల్నడగాలి ఆ మాట.
వేలితో గీరితే పెచ్చులు పెచ్చులుగా జవాబిస్తాయి.

దానయ్య ఒక పెట్టె తీసి
చేప బరువు చూసినట్టు అరచేతిలో ఎగరేశాడు.
తవిటినాయుడికి ప్రాణం పోయినంత పనైంది.
"ఎంత పడతాది ఇందల?"
"రెండు టీబీ, తాతా."
"టీబీయా! మా బామ్మరిది దాంతోనే పోనాడు."
కొట్టు కొట్టంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.
"ఏ కర్రయినా ఓనాటికి నీరు తాగీస్తాదమ్మా.
మంచి తెప్ప ఏదని మేం అడగం.
అన్నదమ్ములిద్దర్నీ
ఒక్క తెప్ప ఎక్కనివ్వం."

రెండు కొన్నాను.
తిరిగేదొకటి, తిరగనిదొకటి, కంపెనీలు వేరు.
మూడు పెళ్లిళ్ల కార్డుల డబ్బు ఆ మెట్లమీదే వదిలేసి దిగాను.

ఆ రాత్రి ఎక్కించడం సరిపోయింది.
ఎక్కిందని తెర చెప్పిన మాట నమ్మక
తెల్లారిందాకా ఒక్కొక్కటీ తెరిచి విన్నాను.
పన్నెండో దాంట్లో ఎవరిదో కుక్క.
ఇరవయ్యారులో దగ్గు, వెనకే
"టీ సల్లారిపోనాది" అని నామీద కోపం.
అదీ ఉండాల్సిందే.

ఒకటి కొట్లోనే, మూత బిగుతైన జంతికల డబ్బాలో,
చెప్పుల పెట్టెల్లో వచ్చే తెల్లపూసల పొట్లాలు నాలుగు కాపలా.
రెండోదాన్ని ఒళ్లో పెట్టుకుని
కాంప్లెక్సులో చోడవరం బస్సెక్కాను.
మేనత్త కూతురు సన్యాసమ్మ బీరువా,
బెల్లం వాసన తప్ప ఉప్పుగాలి ఎరగదు.
"ఇదేటి, బంగారమా?" అంది.
"కాదు. ఆర్నెల్లకోసారి వచ్చి చూస్తా" అన్నాను.
బంగారమే అనుకుంది, తాళం రెండుసార్లు తిప్పింది.

నిన్న సాయంత్రం కొట్టు మూసేవేళ
మెట్టుమీద కూచుని చుట్ట వెలిగిస్తూ దానయ్య
"భీమిలి పక్క ఓ రాయుంది, నీకు సెప్పినానా?" అన్నాడు.
సగం దించిన షట్టరు కింద నుంచి దూరి
మైకు పట్టుకొచ్చాను.
ముప్పై ఎనిమిది.

చోడవరం మొదటి బస్సు ఎన్నింటికో కనుక్కోవాలి.
కరెంటు పోయింది. బయట గాలి తిరిగింది.
జంతికల డబ్బా దిండు పక్కన పెట్టుకుని పడుకున్నాను.
ఈ రాత్రికి అది
ఒక్క తెప్ప మీదే ఉంది.