వైండింగ్ షాపుల కిన్నెర

కల్వకుర్తి చౌరస్త. కాలిన మోటర్ల వాసన.
రాగి తీగ చుట్టుకుంట చుట్టుకుంట
ఫోన్ల లోకమంత తిరిగొచ్చిన.
ఆఫ్రికాల సొరబుర్రకు ఇరవైయొక్క తీగలట,
మంగోలియా ఫిడేలు మెడ మీద గుర్రం తలకాయట,
ఇంకెక్కడనో ఒకాయన
చెదలు తొలిచిన మొద్దును
బర్రె అరిసినట్టు ఊదుతుండె.

"మన సొరబుర్ర సూసినవా?" అన్నడు
బోరు మోటరు తెచ్చిన పెంటయ్య తాత.
తెల్లారి సంచిల కిన్నెర.
వెదురు మీద పన్నెండు మెట్లు,
తేనెమైనంతోని అతికించినయి.
ఎండకు ఒకటి నా చేతులనే జారింది.
తిట్టలే, ఊది మళ్ల అతికిచ్చిండు.

తీగల సంగతి నాకు తెలుసనుకున్న.
ఏ మోటరుకు ఎన్ని చుట్లో
నిద్రల లేపినా చెప్త,
ఒక్క మెట్టు దొరకదు.
నెల దినాలు ఒకటే గుయ్యిమనుడు.
"తీగె మంచిదే, నీకే ఇంక కరెంటు రాలే"
తాత నవ్వుతడు.

నిన్న రాత్రి నిజంగనే కరెంటు పోయింది.
షట్టరు సగం దించి కూసున్న.
చీకట్ల
మూడో మెట్టు మీద వేలు తనంతట తనే ఆగింది.
పక్క టీ కొట్టు సాయమ్మ
గిలాసలు కడుగుడు ఆపి
"ఏం మోటరది?" అన్నది.