సగం గెడ్డం

పర్లాకిమిడి బస్టాండు ఎనక
నాలుగడుగుల కొట్టు నాది.
రెండద్దాలు, ఒక తిరుగుడు కుర్చీ,
గోడకి ఒరియా కేలండరొకటి, తెలుగు కేలండరొకటి.
రెండింట్లోనూ ఆదివారం ఎర్రగానే ఉంటాది.

ఆ ఆదివారం వాన.
దాలినాయుడి గెడ్డం సగమే అయింది,
కుడి చెంప నున్నగా, ఎడం చెంప నురగతో.
బల్ల మీది కుర్రోడు ఫోన్లోంచి తలెత్తకుండా అడిగాడు:
"తాతా, అన్ని ఆటలూ కలిపి చూస్తే
మనూర్లో అందరికన్నా గొప్పోడెవడు?"

కత్తి పక్కన పెట్టేశాను.
ఇలాంటి ప్రశ్న పడ్డాక గెడ్డం కదలకుండా ఉండదు.

"అసిరప్పడే," అన్నాడు నాయుడు, అద్దంలోని నాయుడితో.
"ఆడు కూతకొస్తే అవతలోళ్ళు
ఎంతమంది మిగుల్తామో ముందే లెక్కెట్టుకునీవోరు.
టెక్కలోళ్ళ మీద ఒక్క కూతలో ఐదుగురు!"
"నలుగురు," అన్నారు పాణిగ్రాహి మాస్టారు, పేపరు మడుస్తూ.
"ఐదోవాడు బురదలో జారి పడ్డాడు."
"ఎందుకు జారేడు మాస్టారూ? బురదక్కాదు, భయానికి!"

మాస్టారిది ఫుట్‌బాల్ పక్షం.
కోపం ఒరియాలో మొదలై తెలుగులో తేలుతాది ఆయనకి.
"ఉస్మాన్‌ని చూశావా నువ్వు?
ఒక వేలు రంపం మిల్లు తినేసింది.
ఆ తొమ్మిది వేళ్ళ సందుల్లోంచి
గాలి దూరింది గానీ బంతి దూరలేదు."
"గోలు కాడ నిలబడ్డానికేటి గొప్ప?"
"నిలబడ్డం నీకెలా తెలుస్తుంది నాయుడూ,
ముప్పై ఏళ్ళు కుర్చీలో కూచుని రసీదులు రాసినోడివి!"

టైర్ల బాజీకి ఇద్దరూ నచ్చలేదు.
వల్లభ బెహరా పేరెత్తాడు,
చిన్న రైలు పట్టా ముక్కకి రెండు తిరగలి రాళ్ళు కట్టి
నెత్తి మీదికెత్తి, అలాగే నిలబడి
పక్కోణ్ణి బీడీ అడిగినోడు.

కుర్రోడు ఒక్కొక్కరికీ పదికి మార్కులేస్తన్నాడు.
కూతని కిలోల్లో ఎలా తూస్తావురా?
ఆగిన గోలుకి మార్కెంత? అది అసలు పడలేదు గదా?

నాయుడు ఇంక ఆగలేదు.
మెళ్ళో తువ్వాలు, ఎడం చెంప నురగ, అలాగే లేచి
గడప గీతనుకుని దాటి
"కబడ్డీ కబడ్డీ" అంటా బాజీ మోకాలు ముట్టి
నాలుగో కబడ్డీకి దగ్గొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.
ఎవళ్ళూ నవ్వలేదు.
వాన చప్పుడే మిగిలింది.

అప్పుడన్నాను. "సొంబారి."

"కొండమీదామె గదా," అన్నాడు నాయుడు రొప్పుతా,
"మనూరెలా అవుద్ది?"
ప్రతి సంతకీ నెత్తిన చీపుళ్ళ మోపుతో
పన్నెండు మైళ్ళు దిగి, పన్నెండు మైళ్ళెక్కింది.
మీవోళ్ళంతా మైదానంలో ఆడేరు.
ఆమెకి దారే మైదానం.

కటకంలో చెప్పుల్లేకుండా పరిగెత్తి గెలిచినప్పుడు
శ్రీకాకుళం పేపరు ఒరిస్సా పిల్ల అంది.
బరంపురం పేపరు ఆంధ్రా సరిహద్దు పిల్ల అంది.
ఇద్దరూ ఒక మూల రెండు వాక్యాలేసి
చేతులు దులుపుకున్నారు.

కుర్రోడు ఫోన్లో వెతికాడు.
తెలుగులో కొట్టాడు, మాస్టారు చెప్తే ఒరియాలో కొట్టాడు.
"లేదు తాతా."
ఆళ్ళ సవర మాటలో ఆ పేరెలా పలుకుతారో
మాలో ఎవళ్ళకీ రాదు.

"నీకెలా తెల్సు ఆమె?" అన్నాడు బాజీ.
పోటీలకి ముందు రోజొచ్చింది మా అయ్య కొట్టుకి,
జుట్టు కళ్ళలో పడతంది, పొట్టిగా కొట్టమని.
ఆడపిల్ల తల ముట్టనన్నాడు అయ్య, టీకి పోయాడు.
నాకప్పుడు పదహారేళ్ళు.
ఈ కుర్చీలోనే.
అద్దంలో తనని చూసుకోలేదు,
రోడ్డుకేసి చూస్తా కూచుంది.

నురగ ఆరిపోయింది.
నాయుడి ఎడం చెంపకి మళ్ళీ బ్రష్షెట్టాను.
మార్కుల సంగతి ఎవళ్ళూ ఎత్తలేదు.
కత్తి గొంతు మీదికొచ్చినప్పుడు
కదలకుండానే అడిగాడు నాయుడు, చిన్నగా:
"ఆ జుట్టేం చేశావు?"

ఊడ్చీసాను, అన్నాను.
అబద్ధం కాదు.
ఊడ్చింది ఆళ్ళ కొండ చీపురుతోనే.