బారాణా

నాగవేణికి ఈ నెలలో మూడుసార్లు జరం వచ్చింది.
మూడుసార్లూ కాగితం మీదనే.

నేను చెప్తాంటే అదే రాసింది,
"జ్వరముతో బాధపడుచున్నందున" అని,
పుస్తకంలో మాట పుస్తకంలో ఉన్నట్టే.
కింద నా పేరు మాత్రం నేనే పెడితి.
ఈరమ్మలో ర పక్కకు వాలిపాయ.

జరమొచ్చిన పిల్ల ఆ దినమంతా
పెద్దతుంబళం దారెంట మా చేన్లో
నడుముకు కట్టుకున్న పాత చీరముక్క నిండా
పత్తి తీస్తాండె.
కూలోళ్ళను పెడితే కేజీకి పన్నెండు రూపాయలు,
బిడ్డ తీస్తే మిగులు.
కాయ మొనలు గీరుకుని వేళ్ళు చీరుకుపోతే
రాత్రి అన్నం కలుపుకోలేక
స్పూను అడిగింది.

మా ఆయన ఫోనుకు మెసేజీలు వస్తాండె,
"మీ విద్యార్థి ఈ రోజు పాఠశాలకు హాజరు కాలేదు."
బ్యాలెన్సు అయిపాయనేమో అనుకుని
తిక్కయ్య చదవకనే తుడిపేస్తాండె.

దీపాలు పెట్టే యాళకు షంషాద్ టీచరమ్మ వచ్చింది,
స్కూటీ వీధి మొగదాల నిలిపి
బురద దాటుకుంటా.
మంచం వాల్చబోతే వద్దని
పత్తి బోరెం పక్కన కట్టమీదనే కూచుంది.
తిడుతుందని తల వంచుకుంటి.
తిట్టలేదు. చాయ్ తాగింది.
చక్కెర ఎక్కువైందనింది.

"ఈరమ్మా, మీ బిడ్డ జరం
వాన పడితే రాదు, ఎండ కాస్తే వస్తుంది.
ఇదేం జరం?"

మా అత్త పళ్ళు లేని నోటితో నవ్వె.
తిక్కయ్య నవ్వలే.
"ఎన్ని దినాలు పంపియ్యాల మేడం? లెక్క చెప్పు."
"నూటికి డెబ్బై అయిదు."
ఆయనకు అర్థం కాలే. నాకూ కాలే.
వక్క నములుతా మా అత్తే అనింది,
"రూపాయిలో బారాణా. అంతే గదరా."

ఇల్లంతటికీ తెలిసిపాయ.
బడిది బారాణా. మనది పావలా.
ఆ పావలాలోనే రావాల
నిజం జరాలు, ఉరుకుంద తిరునాళ్ళు,
అత్త కంటి ఆపరేషనుకు ఆదోని పోయే దినం,
బస్సు రాని దినం.
"పంపించలేకపోతే పొద్దున్నే ఫోన్ చేసి చెప్పండి,
ఉన్నదున్నట్టు.
దీపావళి రాకముందే రెండణాలు ఖర్చు పెట్టినారు,
ఇంక రెండణాలతో ఏప్రిల్ దాకా ఈదాల."

"చేన్లో పత్తి తెల్లగ నిలబడింది మేడం,
ఒక్క వానకు నల్లగైపోతాది.
మీ రిజిస్టరు వానకు తడుస్తాదా?"
ఆమె గ్లాసు పక్కకు పెట్టె.
జవాబు చెప్పలే.

అప్పటిదాకా గోడకానుకుని ఉన్న నాగవేణి
"ఆ రెండణాల్లో నాకూ కావాల" అనింది.
ఏంటికే అంటే చెప్పదు.
చెవిలో చెప్పమంటే
నా చెవిలో కాదు, టీచరమ్మ చెవిలో చెప్పె.

నెలకు మూడు దినాలంట.
బడి బాత్రూము తలుపుకు గడియ లేదంట.
లోపల ఒకరుంటే బయట ఒకరు పట్టుకోవాల.
పట్టుకునే ఉసేనమ్మ
వాళ్ళమ్మోళ్ళతో సుగ్గికి పాయ.

నేను పత్తి లెక్కే పెట్టుకుంటాంటి.
ఈ లెక్క నాకు తెలీదు.
టీచరమ్మకూ తెలీదు.
ఇద్దరమూ ఒకరి మొగం ఒకరు చూసుకుంటిమి.

ఆ రాత్రి టీవీ ఆపి కాగితం తీస్తి.
ఈసారి నాగవేణి చెప్తాంటే నేను రాస్తి.
ఐదో తరగతిలో నిలిచిపోయిన చెయ్యి గదా,
అక్షరాలు గీత దాటి మేకల్లాగ పోతాంటాయి.

"హెడ్మాస్టరు సారుకు,
మా బిడ్డకు జరం లేదు.
మీ తలుపుకు గడియ లేదు.
గడియ పెట్టిస్తే నెలకు మూడు దినాలు మిగులుతాయి,
మీకూ మాకూ."

పత్తి సంగతి ఇంకా తేలలే.
పొద్దున్నే తిక్కయ్య ఒక్కడే చేనికి పాయ,
మలుపు దాకా వెనక్కి చూసుకుంటానే.
చీటీ మడిచి దాని సంచిలో పెడితి.
ర ఈసారి కూడా వాలింది.